బంతి తన్నే వేళ మాట్లాడిన మనిషి

లిమరిక్‌లో పిల్లలకి ప్రార్థన నోటికి రాకముందే ఒక మర్యాద వంటబడుతుంది. థోమండ్ పార్క్ రగ్బీ మైదానంలో ఎవరైనా బంతిని నేలమీద నిలబెట్టి, కర్రల మధ్యకి తన్నడానికి నాలుగడుగులు వెనక్కి వేశాడంటే నోరు మూసుకోవాలి. మనవాడైనా అంతే, ఎదుటివాడైనా అంతే. ఆ క్షణం దాకా వాడి ఏడు తరాలనీ తిట్టిపోసినవాళ్ళు కూడా గుటక మింగి ఊరుకోవాలి. పాతికవేల మంది ఊపిరి బిగబట్టి కూర్చుంటే ఎక్కడో వీధి చివర కుక్క మొరగడం కూడా వినిపిస్తుంది. పరాయి ఊళ్ళవాళ్ళు దీనికోసమే టికెట్టు కొనుక్కుని వస్తారు. మావాళ్ళకి మాత్రం ఇందులో వింతేమీ కనిపించదు. ఒక మనిషి తన పని తను చేసుకుంటుంటే మధ్యలో అరవడం ఏం పద్ధతి అంటారు.

అలాంటి ఊళ్ళో పుట్టి, ఆ మైదానం వెనక వీధిలోనే నలభై ఏళ్ళు కాపురం చేసి, ఆ మౌనాన్ని నిండు స్టేడియంలో నట్టనడుమ విరగ్గొట్టిన మనిషి డీలియా హార్టిగన్. ఇప్పటికీ మా వైపు ఎవరైనా సమయం సందర్భం లేకుండా మాట్లాడితే "ఇంకో డీలియా తయారైంది" అంటారు. కానీ ఆ కథ పూర్తిగా తెలిసినవాళ్ళు తక్కువ. అది తెలియాలంటే ముందు ఆవిడ ఇంటి సంగతి చెప్పుకోవాలి.

డీలియా తండ్రి పంది మాంసం ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. చదువు ముగిశాక తనూ అక్కడే చేరింది. ఉప్పు పట్టించిన పంది తొడలకి గుడ్డలు చుట్టి దారం బిగించే పని. చేతులు ఎప్పుడూ ఉప్పుకి పగిలి ఉండేవి. ఆ చేతుల్నే క్రిస్టీ హార్టిగన్ అనే బస్సు డ్రైవరు ఒక శనివారం మ్యాచ్‌లో పట్టుకున్నాడు. అప్పట్లో అక్కడ కుర్చీలు లేవు. మెట్లమీద జనం గింజలు పోసినట్టు నిలబడేవాళ్ళు. చలికి వణుకుతున్న పిల్లని తన పెద్ద కోటులోకి లాక్కుని "ఇది బస్సు అనుకో, టికెట్టు లేకుండా ఎక్కించుకుంటున్నా" అన్నాడట. ఆ కోటులోంచి ఆవిడ ముప్పై ఏళ్ళు మ్యాచ్‌లు చూసింది.

బస ఇల్లు పెట్టాలని వాళ్ళెప్పుడూ అనుకోలేదు. ఒక శీతాకాలం సాయంత్రం మ్యాచ్ అయిపోయాక తలుపు చప్పుడైంది. తీస్తే ఫ్రాన్సు దక్షిణాదినుంచి వచ్చిన మొగుడూ పెళ్ళాలు. ఊళ్ళో ఎక్కడా గది దొరకలేదు. భాష రాదు. ఆయన బూట్లలో నీళ్ళు నడిచినప్పుడల్లా చప్పుడు చేస్తున్నాయి. డీలియా మారు మాట్లాడకుండా కూతురు అయిలీష్ మంచం వాళ్ళకిచ్చేసింది. తొమ్మిదేళ్ళ అయిలీష్‌ని దుప్పట్లు పరిచి స్నానాల తొట్టిలో పడుకోబెట్టింది. పొద్దున్న పుట్టగొడుగులూ, గుడ్లూ, వేయించిన మాంసమూ, పంది నెత్తురుతో చేసే నల్ల పుడ్డింగూ పెట్టి పంపితే, వెళ్ళేటప్పుడు ఆ ఫ్రెంచి ఆయన డీలియా రెండు బుగ్గలమీదా ముద్దు పెట్టాడు. క్రిస్టీ వారం రోజులు ఆటపట్టించాడు. మరుసటి ఏడాది ఆ ఊరినుంచే ఇంకో జంట వచ్చింది. ఆపైన వాళ్ళ చుట్టాలు, వాళ్ళ ఎదుటి జట్లవాళ్ళు. అలా ఆ ఇంట్లో మ్యాచ్ ఉన్న శని ఆదివారాలు పరాయి గొంతులు లేని పొద్దు లేదు. అయిలీష్ మాత్రం పెళ్ళయి ఎన్నిస్ వెళ్ళేదాకా మ్యాచ్ రాత్రులు తొట్టిలోనే పడుకుంది.

క్రిస్టీ పోయాక డీలియా మైదానంలోకి అడుగు పెట్టలేదు. ఆ కోటు లేకుండా వెళ్ళడానికి మనసు రాలేదు. ఆటని మాత్రం వదల్లేదు. వెనక పెరట్లో కుర్చీ వేసుకుని, బంగాళాదుంపలు చెక్కు తీస్తూ వినేది. ఆవిడ చెవి అంత చెవి. కేకని బట్టి బంతి గీత దాటిందా, ఎవడైనా తప్పు చేశాడా, గొడవా చెప్పేసేది. మౌనం ఎంతసేపు ఉందో చూసి ఎంత దూరంనుంచి తంతున్నాడో చెప్పేది. పక్కింటి టెర్రీ క్విలిగన్ రేడియో పెట్టుకునేవాడు గానీ, రేడియో వాడు నోరు తెరిచేలోగా గోడమీదుగా డీలియా ఫలితం వచ్చేసేది. "అక్కా, నీకు జీతమిచ్చి రేడియోలో కూర్చోబెట్టాలి" అనేవాడు. వీధి మొత్తానికి అదొక గొప్ప. ఆవిడకి కూడా గొప్పే. ఎందుకు కాదనాలి?

ఆ చెవులే రెండేళ్ళ కిందట మొండికేశాయి. ముందు ఒక హోరు మొదలైంది. కుళాయి ఎక్కడో కట్టేయడం మర్చిపోయినట్టు. ఇల్లంతా తిరిగి చూసింది. ఏ కుళాయీ కారడం లేదు. తర్వాత ఆ హోరు కింద మిగతా చప్పుళ్ళన్నీ ఒక్కొక్కటే మునిగిపోయాయి. గడియారం, వాన, తలుపు గంట. మనుషుల మాటలు ముఖం చూస్తే తెలిసేవి, చూడకపోతే లేదు.

ఈ మాట ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం ఉంది. క్రిస్టీని పూడ్చిపెట్టి వచ్చిన రోజు వంటింట్లో అయిలీష్ ఆవిడ చేతులు పట్టుకుని "అమ్మా, నీ ఒంట్లో ఏమైనా తేడా వస్తే ఈ గదులూ బసలూ కట్టిపెట్టి నా దగ్గరికి వచ్చెయ్యాలి. మాటివ్వు" అంది. ఏడుస్తున్న పిల్లకి ఏం చెబుతాం? ఇచ్చేసింది. ఇచ్చాక తెలిసింది ఎంత పెద్ద మాటో. ఎన్నిస్‌లో కూతురి ఇల్లు అద్దంలా ఉంటుంది. అల్లుడు బంగారం. కానీ అక్కడ పొద్దున్నే లేచి ఎవరికి పుట్టగొడుగులు వేయించాలి? క్రిస్టీ లేని ఇంట్లో ఆవిడని మంచంమీంచి లేపేది ఆ పరాయివాళ్ళ ఆకలే. అది పోతే తనూ పోయినట్టే అని డీలియా నమ్మకం.

అందుకని పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు రెండేళ్ళు నెట్టుకొచ్చింది. బస చేసినవాళ్ళు ఏదైనా అంటే తల ఊపి "అవునవును, మీరన్నది నిజం" అనేది. తలుపు గంట వినపడదు కాబట్టి, ఎవరైనా వస్తారనగా గంట ముందునుంచే గుమ్మంలో నిలబడేది. ఎంత ఆదరమో అని వచ్చినవాళ్ళు మురిసిపోయేవాళ్ళు. అయిలీష్ ఫోను చేస్తే, తెర వెలగడం చూసి తీసేది. అక్కడ ఇంకో ఉపాయం: అవతలివాళ్ళకి మాట్లాడే సందు ఇవ్వకపోవడం. ఊళ్ళో సంగతులన్నీ ఏకధాటిగా చెప్పి, "సరే తల్లీ, పొయ్యిమీద ఏదో ఉంది" అని పెట్టేసేది. పెరట్లో మ్యాచ్ సంగతయితే స్టాండు పైకప్పుమీద పావురాల్ని చూసేది. అవి గుంపుగా లేచాయంటే మనవాళ్ళు కొట్టినట్టు, ఊరికే అటూ ఇటూ కదిలాయంటే ఎదుటివాళ్ళు. అదే గోడమీదుగా టెర్రీకి చెప్పేది. పావురాలు అప్పుడప్పుడూ ఏ కారణం లేకుండానే లేస్తాయి. "అక్కా, ఈమధ్య నీ జోస్యం తప్పుతోంది" అనేవాడు టెర్రీ. "ఆట అలా తగలడింది, నా తప్పేముంది?" అనేది.

అయితే ఒక్క సంగతి మాత్రం ఆవిడ గుండెలో ముల్లులా ఉండిపోయింది. కిందటి శరత్కాలంలో ఒక పొద్దున్న ఆవిడ గిన్నెలు తోముతుంటే వెనకాల రొట్టెలు మాడిపోయాయి. పొగ అలారం గోల పెట్టేస్తోంది. ఆవిడకి తెలియదు. పైగదిలో దిగిన స్కాట్లండు దంపతులు తువ్వాళ్ళు చుట్టుకుని పరుగెత్తుకొచ్చి, ఆయన కుర్చీ ఎక్కి దాని నోరు మూయించాడు. డీలియా తిరిగి చూస్తే వంటిల్లంతా పొగ, నడుమ తువ్వాలు కట్టుకున్న మనిషి. "ఈ అలారాలకి పిచ్చి, రోజూ మోగుతుంటాయి, నేను పట్టించుకోను" అని నవ్వేసింది. వాళ్ళూ నవ్వారు. వాళ్ళు వెళ్ళిపోయాక మెట్లమీద కూర్చుంది. అందరూ నిద్రపోయే వేళ అయ్యుంటే?

ఈ వసంతంలో వచ్చిన మనిషి ఎమ్లిన్ ప్రొబర్ట్. వేల్స్ వాడు. ఉక్కు కర్మాగారంలో జీవితమంతా పనిచేసి రిటైరైనవాడు. పొట్టిగా, గట్టిగా, తలుపు గొళ్ళెంలా ఉంటాడు. రెండు చెవుల్లోనూ చెవి మిషన్లు. వాళ్ళ జట్టుకీ మా మన్‌స్టర్ జట్టుకీ శనివారం మ్యాచ్. శుక్రవారం సాయంత్రం సంచి దించీ దించకముందే, "అమ్మా, ఆ నిశ్శబ్దం నిజమేనా?" అని అడిగాడు.

అదృష్టవశాత్తూ ఎదురుగా నిలబడి అడిగాడు. డీలియాకి తెలిసింది.

"నిజం కాక? మీ వాళ్ళు తన్నేటప్పుడు కూడా నోరెత్తం."

"మా దగ్గర ఎదుటివాడు తన్నబోతే మేక పిల్లల్లా అరుస్తాం. మా నాన్న ఒకసారి ఇక్కడికొచ్చి విన్నాడు. పోయేదాకా అదే చెప్పేవాడు. అది ఒక్కసారి విని పోదామని వచ్చాను. మా బావమరిది కూడా రావాలి, నిచ్చెనమీంచి పడ్డాడు. ఆ టికెట్టు వృథాగా ఉంది. మీరు రాకూడదూ?"

"నేనా? నాకెక్కడ తీరుబడి? రేపు సాయంత్రానికి కూర..."

"కూర ఎక్కడికీ పోదు" అన్నాడు వెనక గుమ్మంలోంచి టెర్రీ. ఎమ్లిన్ చూపు అటు పోవడంతో డీలియా తిరిగింది. పాలసీసా అప్పు కోసం వచ్చాడు, విషయం మొత్తం విన్నాడు. "వెళ్ళక్కా. ఎన్నాళ్ళు గోడచాటునుంచి వింటావు? క్రిస్టీ బావ ఉంటే ఈపాటికి నీ చెయ్యి పట్టుకుని ఈడ్చుకెళ్ళేవాడు. లేకపోతే లోపలికి వెళ్ళడానికి భయమా?"

భయమే. కానీ ఏ భయమో చెప్పలేదు కదా. కాదంటే టెర్రీకి అనుమానం. "నాకెందుకు భయం? వస్తాను" అనేసింది.

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరూ నడిచి వెళ్ళారు. రోడ్డు పొడుగునా ఉల్లిపాయలు వేగుతున్న వాసన, ఎర్ర జెండాలు, బీరు నురగలు అంటిన మూతులు. "డీలియమ్మా, ఇదేంటి, దారి తప్పావా?" అని సగం వీధి పలకరించింది. అందరికీ చెయ్యి ఊపుతూ, అందరి ముఖాలూ చూస్తూ నడిచింది. లోపలికి వెళ్ళాక కాసేపు నిలబడిపోయింది. తను నిలబడ్డ మెట్లు లేవు. ఎత్తయిన కొత్త స్టాండులు, వరసల వరసల కుర్చీలు. క్రిస్టీ కోటు ఎక్కడ ఉండేదో ఆనవాలు పట్టడానికి కూడా లేదు. ఏడుపొచ్చింది. చలిగాలి అని చెప్పి ముక్కు తుడుచుకుంది.

ఆట మొదలైన కాసేపటికి మన్‌స్టర్ కుర్రవాడు బంతి నిలబెట్టాడు. చుట్టూ నోళ్ళు మూసుకోవడం డీలియా కళ్ళతో చూసింది. పక్కన ఎమ్లిన్ రెండు చేతులూ మోకాళ్ళమీద పెట్టుకుని గుళ్ళో కూర్చున్నట్టు కూర్చున్నాడు. కళ్ళు చెమర్చాయి. తండ్రి విన్నది తనూ వింటున్నాడు. డీలియా చెవుల్లో మాత్రం ఆ దిక్కుమాలిన హోరు అలాగే ఉంది. జనం అరిచినా అదే, ఊరుకున్నా అదే. ఊరంతా కలిసి చేసే ఆ ఒక్క పనిలో తనకి భాగం లేకుండా పోయింది. ఇంట్లో గంట వినపడకపోయినా, ఫోను వినపడకపోయినా ఇంత బాధ కలగలేదు. చెవులు పోయాయని ఆవిడకి నిజంగా తెలిసింది అప్పుడే.

ఆట చివరికొచ్చింది. మన్‌స్టర్ రెండు పాయింట్ల ముందుంది. ఉన్నట్టుండి మనవాడొకడు బంతిని ముట్టకూడని చోట ముట్టాడు. రెఫరీ ఈల వేసి, కర్రల మధ్యకి బంతి తన్నే అవకాశం వేల్స్ వాళ్ళకి ఇచ్చాడు. పడితే మూడు పాయింట్లు, ఆట వాళ్ళది. స్టేడియం భగ్గుమంది. టెర్రీలాంటివాళ్ళు వెయ్యిమంది లేచి రెఫరీ కళ్ళ గురించీ, వాళ్ళమ్మ పెంపకం గురించీ చెప్పాల్సినవన్నీ చెబుతున్నారు. డీలియా కూడా లేచి నాలుగు తగిలించి కూర్చుంది. అప్పుడు ఎమ్లిన్ ఆవిడ వైపు తిరిగాడు. ఆ గోలలో ఎవరికీ వినపడదనే ధైర్యంతో, ఆవిడకి పెదాలు కనపడేలా, నెమ్మదిగా అన్నాడు.

"నిన్నటినుంచీ చూస్తున్నాను. మీకు వినపడదు. అవునా?"

రెండేళ్ళుగా ఎవరూ అడగని మాట.

"నాకు తెలుసు" అన్నాడు తన చెవి మిషను చూపిస్తూ. "నేనూ అయిదేళ్ళు దాచాను. తల ఊపడం చూస్తేనే తెలిసిపోతుంది."

దాచి దాచి అలసిపోయిన మనిషికి, తెలిసినవాడొకడు దొరికితే ఎలా ఉంటుందో అనుభవించినవాళ్ళకే తెలుసు. ఆవిడ చూపు అతని ముఖంమీదే ఉండిపోయింది. ఈలోగా కింద వేల్స్ కుర్రవాడు బంతి నిలబెట్టాడు. నాలుగడుగులు వెనక్కి వేశాడు. పాతికవేల నోళ్ళు మూతపడ్డాయి. ఎమ్లిన్ గాభరాగా వేలు పెదాలమీద పెట్టుకున్నాడు. రహస్యం నా దగ్గర భద్రం అంటున్నాడు కాబోలనుకుంది డీలియా. ఆవిడ చెవుల్లో స్టేడియం ఇంకా హోరెత్తుతూనే ఉంది. ఆ హోరుని దాటి వినపడాలని, మార్కెట్లో చేపలమ్మే గొంతుతో చెప్పింది.

"అవునయ్యా, చెవుడే! రెండేళ్ళయింది! పిడుగు పడ్డా వినపడదు! మా అయిలీష్‌కి మాత్రం చెప్పకు, తెలిస్తే ఇల్లు మూయించి నన్ను ఎన్నిస్ పట్టుకుపోతుంది!"

ఆ మాట ఈ స్టాండునుంచి ఆ స్టాండుకి వెళ్ళి, అక్కడ కొట్టుకుని, మళ్ళీ వచ్చింది.

ఎవరూ "ఉష్" అనలేదు. అదీ చప్పుడే కదా. పరుగు అందుకోబోతున్న కుర్రవాడు ఆగాడు. తలెత్తి స్టాండు వైపు చూశాడు. డీలియాకి ముందు ఎమ్లిన్ ముఖం పాలిపోవడం కనిపించింది. తర్వాత ముందు వరసలో ఒక తల వెనక్కి తిరిగింది. దాని ముందుది, దాని ముందుది. అన్ని కళ్ళూ తనమీదే. ఒక్క నోరూ తెరుచుకుని లేదు. అప్పుడు అర్థమైంది ఆవిడకి. రెండు చేతి తొడుగులూ నోటికి అడ్డం పెట్టుకుంది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే ఎక్కడికని పోయి తీసుకుంటాం?

కుర్రవాడు చేతులు తుడుచుకుని, బంతిని సర్ది, మళ్ళీ లెక్కగా వెనక్కి నడిచాడు. ఈసారి పడ్డ మౌనం లాంటిది ఆ మైదానంలో మునుపెన్నడూ లేదంటారు అక్కడున్నవాళ్ళు. చంటిపిల్లలు కూడా కిక్కురుమనలేదు. ఎందుకో చెప్పనా? వాడు గనక తప్పితే లిమరిక్‌వాళ్ళు మధ్యలో అరిచి తప్పించారనే మాట ఊరికి అంటుకుపోతుంది. మనవల కాలం దాకా వదలదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆ జనం ఎదుటివాడి బంతి కర్రల మధ్యనుంచి పోవాలని మొక్కుకున్నారు. శాపనార్థాలు పెట్టిన నోళ్ళే లోలోపల మేరీ మాతని తలుచుకున్నాయి.

బంతి నిటారుగా లేచి, ఒక కర్రవైపు వాలినట్టే వాలి, లోపలినుంచి పోయింది. స్టేడియం మొత్తం ఒక్క నిట్టూర్పు విడిచి చప్పట్లు కొట్టింది. మన్‌స్టర్ ఒక్క పాయింటుతో ఓడింది. ఊరి పరువు దక్కింది.

తిరుగు దారి డీలియాకి ఇంకా పొడుగైంది. తల దించుకుని నడుద్దామంటే కుదరదు, ముఖాలు చూడకపోతే మాటలు తెలియవు. చూస్తే అందరి పెదాలమీదా ఒకటే మాట.

"డీలియమ్మా, మేం అయిలీష్‌కి చెప్పంలే!"

"పిన్నీ, ఒట్టు! నా నోట్లోంచి రాదు!"

చిప్స్ బండివాడు కూడా గరిటె ఎత్తి, "నేను అసలే చెప్పను, నాకు అయిలీష్ ఎవరో తెలియదు" అని అరిచాడు.

"నన్ను క్షమించయ్యా" అంది ఎమ్లిన్‌తో. "సముద్రం దాటి దేనికోసం వచ్చావో దాన్నే పాడుచేశాను."

"పాడుచేశారా? మా నాన్న విన్నది ఒక్క నిశ్శబ్దమే. నేను రెండు విన్నాను. పైగా గెలిచాం" అన్నాడు అతను, ఆవిడకి ఎదురుగా తిరిగి, వెనక్కి నడుస్తూ. ఇంటి సందు మలుపు తిరగ్గానే ఆగిపోయాడు. "నేను కాసేపు ఆ పబ్బులో కూర్చుని వస్తాను. మీకు మనుషులొచ్చారు."

గుమ్మంలో అయిలీష్ నిలబడి ఉంది. మన్‌స్టర్ ఎర్ర మఫ్లరు మెడలోనే ఉంది.

వంటింట్లో డీలియా టీ కాచింది. అయిలీష్ కోటు విప్పకుండానే కూర్చుంది.

"నువ్వెప్పుడొచ్చావే?" అంది డీలియా.

"మా కరెంటు సామాన్ల షాపువాళ్ళందరం కలిసి వచ్చాం. నీ స్టాండులోనే, కింది వరసల్లో ఉన్నాను. నువ్వు లోపలికి వస్తావని కలలో కూడా అనుకోలేదు. ఆ గొంతు వినగానే నా పక్కనున్న పిల్ల 'ఎవరీ పిచ్చిది' అంది. మా అమ్మ అన్నాను." అయిలీష్ కప్పు పట్టుకుంది గానీ తాగలేదు. "ఎంతమందికి తెలుసమ్మా ఈ సంగతి?"

"ఇప్పుడా? పాతికవేల మందికి."

అయిలీష్‌కి నవ్వొచ్చింది. నవ్వలేదు. "వాళ్ళలో నేనొకదాన్ని. వాళ్ళతోపాటే నాకూ తెలిసింది. అదీ నా బాధ. రెండేళ్ళనుంచీ ఫోను చేస్తే నన్నొక్క మాట మాట్లాడనివ్వవు. నామీద విసుగనుకున్నాను. మా ఆయనతో ఎన్నిసార్లు చెప్పుకుని ఏడ్చానో తెలుసా?"

ఇది డీలియా అనుకోనిది. తను దాచుకున్నది చెవుడనే అనుకుంది. అవతలి వైపు ఇంకో మనిషి ఉందనీ, ఆ మనిషికి అది తలుపు మూసినట్టుందనీ తట్టలేదు.

"విసుగు కాదే తల్లీ. మాటిచ్చాను కదా. ఒంట్లో తేడా వస్తే ఇల్లు మూసేస్తానని."

"ఆ రోజు నాన్నని పూడ్చి వచ్చాం. నువ్వూ పోతావేమోనని భయపడి అన్నాను. దానికి రెండేళ్ళు దొంగలా బతకడమా? చెవులు పోతే మిషన్లున్నాయి. నీ పక్కన కూర్చున్నాయన చెవుల్లో లేవూ?"

ఇక్కడ ఊరుకుని ఉంటే సరిపోయేది. కానీ డీలియా కప్పు పక్కన పెట్టి, పొగ అలారం సంగతి చెప్పేసింది. మాడిన రొట్టెలు, తువ్వాలు కట్టుకున్న మనిషి, తను నవ్వేసిన నవ్వు, అన్నీ.

"అందరూ పడుకున్న వేళ అయ్యుంటే వాళ్ళని నేను చంపేసి ఉండేదాన్ని. నన్ను నమ్మి పడుకున్నవాళ్ళని. అది తెలిసి కూడా వచ్చినవాళ్ళనల్లా పడుకోబెడుతూనే ఉన్నాను, ఇల్లు పోతుందని. తప్పే. నువ్వు మూయించక్కర్లేదు, నేనే మూసేస్తాను. పొద్దున్న ఎమ్లిన్‌కి పెట్టేదే ఆఖరి ఫలహారం."

అయిలీష్ లేచి కప్పులు తీసుకుని గిన్నెలు కడిగే తొట్టి దగ్గరికి వెళ్ళింది. కుళాయి తిప్పింది. తల్లికి వీపు కనపడుతోంది. ఆ వీపు కాస్త కదిలింది. ఏదో అంటోంది. నీళ్ళు పోతున్నాయి, మాట తెలియడం లేదు. ఇంకో రోజయితే డీలియా "అవునవును, నువ్వన్నది నిజం" అని ఊరుకునేది.

"వినపడలేదు" అంది. ఆ మాట నోటినుంచి రావడం ఆవిడకే కొత్తగా ఉంది. "ఇటు తిరిగి చెప్పు."

అయిలీష్ కుళాయి కట్టేసి, చేతులు కోటుకే తుడుచుకుని తిరిగింది. కళ్ళు ఎర్రబడ్డాయి.

"మా షాపులో లైటు వెలిగే అలారాలున్నాయన్నాను. దానికి ఒక బిళ్ళ ఉంటుంది, తలగడ కింద పెట్టుకుంటే మంచంతో సహా కుదిపి లేపుతుంది. వచ్చే శనివారం తెచ్చి, ప్రతి గదిలోనూ నేనే బిగిస్తాను. చెవి డాక్టరు దగ్గరికి ఎల్లుండి పోదాం, ఆ మిషన్లు వచ్చేదాకా మ్యాచ్ రాత్రులు నేనొచ్చి ఇక్కడే పడుకుంటాను. ఈసారి మంచంమీద. ఇల్లు ఎవరూ మూయడం లేదన్నాను."

ప్రతి అక్షరం తెలిసింది డీలియాకి. అయినా చేతులు ఒళ్ళో పెట్టుకుని, కూతురి పెదాలవైపే చూస్తూ, "ఇంకోసారి చెప్పు" అంది.